వైరు కలపకుండా ఇంజన్ నడుస్తోందో లేదో పట్టడం: ప్రాజెక్టు డైరీ

కావలసింది

కారు ఇంజన్ ఈ క్షణాన నడుస్తోందా, ఆగి ఉందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే చిన్న పెట్టె కావాలి. కారు వైరింగులో ఒక్క తీగా కోయకూడదు, ఫ్యూజు పెట్టెలో ట్యాప్ వేయకూడదు, డయాగ్నస్టిక్ సాకెట్లో ఏదీ శాశ్వతంగా గుచ్చి ఉంచకూడదు. సొంత బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాలి. ఉపయోగాలు రెండు. ఒకటి, ఇంజన్ గంటల లెక్క. నిలబడి వృథాగా నడిచిన గంటలు కిలోమీటర్ల మీటరులో కనబడవు కదా. రెండోది, బటన్ స్టార్ట్ కారును మూసిన గ్యారేజీలో ఆపడం మరిచిపోతే హెచ్చరిక. ఈ రెండో పనిలో కార్బన్ మోనాక్సైడ్ అలారానికి ఇది బదులు కాదు, దానికి తోడు మాత్రమే.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉండటం వేరు, ఇంజన్ తిరగడం వేరు. చాలా డిజైన్లు మొదటిదాన్ని కొలిచి రెండోదని చెప్పుకుంటాయి. మ్యూజిక్ సిస్టమ్ బ్లూటూత్ కనిపిస్తే ఇంజన్ నడుస్తోందని అనుకోవడం ఇలాంటిదే. తాళం మొదటి మెట్టుకు తిప్పి పాటలు వింటున్నా ఆ బ్లూటూత్ కనిపిస్తుంది.

పక్కన పెట్టిన దారులు

12 వోల్టుల సాకెట్లో వోల్టేజీ చూడటం అందరికీ తెలిసిన దారి: ఆగి ఉంటే 12.6 దగ్గర, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పే కరెంటు యంత్రం) ఛార్జ్ చేస్తుంటే 13.8 నుంచి 14.4. అది కూడా ఒక రకంగా కనెక్షనే. పైగా ఇప్పటి కార్లలో ఆల్టర్నేటర్‌ను ఇంజన్ కంప్యూటరే అదుపు చేస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజన్ నడుస్తూనే వోల్టేజీ 12.6 దాకా దిగిపోగలదు. 13.2 దాటితే నడుస్తున్నట్టు అనే పాత సూత్రం అక్కడ తప్పుతుంది.

స్పార్క్ వెదజల్లే రేడియో గోలను గాలిలో పట్టడం పెట్రోలుకే పనికొస్తుంది, డీజిల్‌లో స్పార్కే ఉండదు. ప్లగ్గుల నెత్తినే కాయిల్ కూర్చునే ఇంజన్లలో క్లాంప్ వేయడానికి ప్లగ్ వైరు కూడా ఉండదు. ఆల్టర్నేటర్ అలలను తీగచుట్టతో పట్టవచ్చు. 12 పోళ్ల ఆల్టర్నేటర్ పుల్లీ నిష్పత్తి 2.5 అయితే 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో ఫేజు 200 హెర్ట్జ్, రెక్టిఫయర్ తర్వాతి అల 1200 హెర్ట్జ్. బానెట్ కింద బాగానే దొరుకుతుంది కానీ సీట్ల దగ్గరికి వచ్చేసరికి ఫ్యాన్లూ లైట్లూ వాడే పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్ ఆఫ్ చేసి కరెంటు అదుపు చేసే పద్ధతి) గోలలో కలిసిపోతుంది. మైక్రోఫోన్ పెడితే పక్క కారు ఇంజన్ కూడా వినిపిస్తుంది, లోపలి మాటలూ వినిపిస్తాయి, రెండూ అక్కర్లేదు.

మిగిలింది కంపనం. పక్క కారు ఇంజన్ మన కారు నేల రేకును చెప్పుకోదగినంతగా ఊపలేదు. అందుకే యాక్సెలరోమీటర్ (ఊపును కొలిచే సెన్సార్) దారి పట్టాం.

ఏ ఫ్రీక్వెన్సీ కోసం వెతకాలి

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఒక్కో సిలిండర్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లకు ఒకసారి ఫైర్ అవుతుంది, అంటే అందులో ఇంధనం మండుతుంది. కాబట్టి ఫైరింగ్ ఫ్రీక్వెన్సీ = ఆర్‌పీఎం ÷ 60 × సిలిండర్ల సంఖ్య ÷ 2. నాలుగు సిలిండర్లు 800 ఆర్‌పీఎం దగ్గర 26.7 హెర్ట్జ్ ఇస్తాయి. చల్లటి ఇంజన్ 1200 దగ్గర తిరుగుతుంటే అదే 40 అవుతుంది. మూడు సిలిండర్లు 850 దగ్గర 21.25 ఇస్తాయి. వాటికి తోడుగా క్రాంకు వేగం దగ్గరే, అంటే 14.2 హెర్ట్జ్ వద్ద, ఇంకో బలమైన ఊపు ఉంటుంది. మూడు పిస్టన్ల అమరికలోని అసమతుల్యతే దానికి కారణం. వరుస ఆరు సిలిండర్లు 650 దగ్గర 32.5, వీ8 ఇంజన్ 600 దగ్గర 40. ఈ పనికి ఆరు సిలిండర్ల ఇంజన్ అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది అంత నున్నగా తిరుగుతుంది. డీజిల్, మూడు సిలిండర్ల పెట్రోలు సులువు.

మొదటి గురి 15 నుంచి 42 హెర్ట్జ్ పట్టీ.

సెన్సార్, అందులోని ఉచ్చు

ఎంపీయూ6050 అందరి దగ్గరా ఉంటుంది కానీ యాక్సెలరోమీటర్ ఒక్కటే నడిపినా 500 మైక్రో ఆంపియర్లు తాగుతుంది. ఏడీఎక్స్ఎల్345 మెట్టు, అంటే అది చూపగల అతి చిన్న తేడా, 3.9 మిల్లీజీ (గురుత్వంలో వెయ్యో వంతు ఒక మిల్లీజీ), మన సిగ్నల్‌కు ముతక. ఎల్ఐఎస్3డీహెచ్ ఎంచుకున్నాం: ±2 జీ శ్రేణిలో హై రిజల్యూషన్ మోడ్‌లో మెట్టు 1 మిల్లీజీ, లోపల 32 నమూనాల ఫిఫో (వచ్చిన వరసలోనే దాచే చిన్న నిల్వ), 400 హెర్ట్జ్ దగ్గర 73 మైక్రో ఆంపియర్లు, తక్కువ పవర్ మోడ్‌లో 50 హెర్ట్జ్ దగ్గర 6 మైక్రో ఆంపియర్లు.

ఈ చిప్‌తో మొదలుపెట్టే చాలామంది ఒకే చోట ఇరుక్కుంటారు. హై రిజల్యూషన్ మోడ్‌లో బ్యాండ్‌విడ్త్ (సెన్సార్ దాటనిచ్చే ఫ్రీక్వెన్సీల హద్దు) నమూనా రేటులో సగం కాదు, తొమ్మిదో వంతు. 100 హెర్ట్జ్ రేటు పెట్టి 27 హెర్ట్జ్ గీత (ఫ్రీక్వెన్సీల పటంలో ఒకే చోట నిలిచే శిఖరం) కోసం వెతికితే సెన్సారే దాన్ని 11 హెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది. నైక్విస్ట్ సూత్రం (నమూనా రేటులో సగం దాకా పట్టవచ్చన్నది) ప్రకారం అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, గీత మాత్రం నూనె రాసినట్టు జారిపోతుంది. 400 హెర్ట్జ్ పెడితే బ్యాండ్‌విడ్త్ 44 హెర్ట్జ్, మన పట్టీకి సరిగ్గా సరిపోతుంది. ఆరు సిలిండర్ల కారు చల్లటి ఉదయం 1200 దగ్గర 60 హెర్ట్జ్ ఇస్తుంది. ఆ కార్లకు నార్మల్ మోడ్ పెట్టాలి, అందులో బ్యాండ్‌విడ్త్ రేటులో సగం. బదులుగా మెట్టు 4 మిల్లీజీ అవుతుంది.

రిజిస్టర్లు (చిప్ లోపలి సెట్టింగుల గడులు), చిరునామాలూ విలువలూ అన్నీ హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో). విశ్లేషణ మోడ్‌కు 20లో 77 (400 హెర్ట్జ్, మూడు అక్షాలు), 23లో 88 (బ్లాక్ డేటా అప్‌డేట్, ±2 జీ, హై రిజల్యూషన్), 24లో 40 (ఫిఫో ఆన్), 2ఈలో 98 (స్ట్రీమ్ మోడ్, వాటర్‌మార్క్, అంటే నిల్వ కబురు పంపే మట్టం, 24 నమూనాలు), 22లో 04 (వాటర్‌మార్క్ ఇంటరప్ట్, అంటే ప్రాసెసర్‌ను లేపే సంకేతం, మొదటి పిన్ను మీద). 24 నమూనాలంటే 60 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రాసెసర్ లేచి 144 బైట్లు చదువుతుంది. డేటా 16 బిట్లలో ఎడమకు ఆనించి వస్తుంది, 4 బిట్లు కుడికి జరిపితేనే మిల్లీజీలు. ఐ2సీలో (చిప్పూ ప్రాసెసరూ మాట్లాడుకునే రెండు తీగల దారి) వరసగా చదవాలంటే చిరునామాకు 80 కలపాలి. ఎస్‌పీఐలో (అలాంటిదే, నాలుగు తీగల వేగమైన దారి) అయితే చదవడానికి 80, వరసకు 40, మొత్తం సీ0. మేం ఎస్‌పీఐ వాడాం: 4 మెగాహెర్ట్జ్ దగ్గర 144 బైట్లకు 0.3 మిల్లీసెకన్లు చాలు. 400 కిలోహెర్ట్జ్ ఐ2సీ మీద అదే పనికి 3 మిల్లీసెకన్లు దాటుతుంది, అంతసేపూ ప్రాసెసర్ మేలుకొనే ఉంటుంది.

నిద్ర మోడ్‌కు 20లో 4ఎఫ్ (50 హెర్ట్జ్, తక్కువ పవర్), 23లో 80, 21లో 01 (ఇంటరప్ట్ దారిలో హై పాస్ ఫిల్టర్), 30లో 2ఏ (ఏ అక్షమైనా సరే), 32లో 02 (32 మిల్లీజీ), 22లో 40. తక్కువ పవర్ బిట్టూ హై రిజల్యూషన్ బిట్టూ ఒకేసారి 1గా ఉండకూడదు. ఆ కలయికను డేటాషీట్ అనుమతించదు, మోడ్ మార్చేటప్పుడు వరస తప్పితే సరిగ్గా అదే జరుగుతుంది. మార్చిన వెంటనే వచ్చే మొదటి 24 నమూనాలు పారేయాలి. ఫిల్టర్ కుదురుకోవడానికి 7 నమూనాల కాలం పడుతుంది, దానికి కొంత చేర్చినట్టు.

ఇంకో చిన్న సంగతి. ఈ చిప్ లోపలి గడియారం క్రిస్టల్ కాదు. 400 అని రాసినా నిజం 390 కావచ్చు, 410 కావచ్చు. వాటర్‌మార్క్ ఇంటరప్టుల మధ్య కాలాన్ని ప్రాసెసర్ 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌తో కొలిచి అసలు రేటు లెక్కేయాలి. లేకపోతే ఆర్‌పీఎం అంకె ఉష్ణోగ్రతతో జారుతూ ఉంటుంది.

పెట్టె, బ్యాటరీ, చోటు

ప్రాసెసర్ ఎన్ఆర్ఎఫ్52832. ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశాల లెక్కలు చేసే భాగం), బ్లూటూత్ రెండూ అందులోనే ఉన్నాయి. రెడీమేడ్ డెవలప్‌మెంట్ బోర్డును యథాతథంగా పెట్టకూడదు. దాని పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ కలిసి మన మొత్తం బడ్జెట్‌కు ఎన్నో రెట్లు తింటాయి. ఒట్టి మాడ్యూల్ తీసుకుని చిన్న బోర్డు మీద అతికించడం మేలు.

బ్యాటరీ విషయంలో ఎండే శత్రువు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద లిథియం పాలిమర్ సెల్ పెట్టడమే తప్పు. సీఆర్2032 సామర్థ్యం 220 మిల్లీ ఆంపియర్ గంటల చుట్టూ, వేడి సహనం కూడా తక్కువ. ఏఏ సైజు లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ (ఈఆర్14505) పెట్టాం: 3.6 వోల్టులు, సుమారు 2400 మిల్లీ ఆంపియర్ గంటలు, 85 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. దానితో రెండు చిక్కులున్నాయి. కొత్త సెల్ లోడు లేనప్పుడు 3.67 వోల్టుల దగ్గర ఉంటుంది, ప్రాసెసర్‌కు సిఫారసు చేసిన హద్దు 3.6. అందుకని మధ్యలో 3.0 వోల్టుల ఎంసీపీ1700 రెగ్యులేటర్ పెట్టాం, అది తనకోసం వాడుకునేది 1.6 మైక్రో ఆంపియర్లు. రెండో చిక్కు, చాలాకాలం కదలని సెల్ లోపల పూత ఏర్పడి, ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ కుంగుతుంది. బ్లూటూత్ పల్స్ దాన్ని కుంగదీసి ప్రాసెసర్‌ను రీసెట్ చేయకుండా సెల్‌కు అడ్డంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. సిరామిక్ వాడితే వోల్టేజీ కింద విలువ పడిపోతుంది కాబట్టి రెండు మూడు కలపాలి. టాంటలం అయితే లీకేజీ అంకె చూసి కొనాలి.

చోటు దగ్గర మొదట స్టీరింగ్ కాలమ్ కవరు చూశాం. అక్కడ ఊపు పెద్దదే. కానీ ప్లాస్టిక్ కవరు గిలగిలలాడుతుంది, ఎండా తగులుతుంది. బానెట్ కింద స్ట్రట్ టవర్ మీద సిగ్నల్ అద్భుతంగా ఉంటుంది, వేడికి సెల్ బతకదు. చివరికి ముందు సీటు కింద, సీటు పట్టాను నేలకు బిగించిన బోల్టు పక్కన ఖాళీ రేకు మీద కుదిరింది. రేకు గట్టిగా ఉంటుంది, నీడ, కంటికి కనబడదు. సీటు పూర్తిగా ముందుకూ వెనక్కూ జరిపి పట్టా తగలకుండా చూసుకోవాలి. సీటు కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి, వాటిని కదపకూడదు. సీటు బోల్టు విప్పనక్కర్లేదు, విప్పకూడదు కూడా.

రెండు వైపులా అతుక్కునే ఫోమ్ టేపు కంపనాన్ని మింగేస్తుందని తరచూ అంటారు. ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ భయం అనవసరం. 40 గ్రాముల పెట్టె, 2 సెంటీమీటర్ల చదరపు ముక్క, 1 మిల్లీమీటరు మందం, సుమారు 1 మెగాపాస్కల్ గట్టిదనం తీసుకుంటే అనునాదం 500 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. వేడికి టేపు పది రెట్లు మెత్తబడినా 160. మన గీతలు 60 లోపే. అసలు గండాలు వేరు: కార్పెట్ మీద అతికించడం, పెట్టె లోపల బోర్డు వదులుగా ఉండటం, సెల్ హోల్డర్లో సెల్ కదలడం. బోర్డును నాలుగు స్క్రూలతో బిగించి, సెల్‌ను ట్యాబులతో సోల్డర్ చేసి, సిలికాన్ చుక్కతో పట్టేయాలి. యాంటెన్నా కొస రేకుకు కనీసం 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, రేకుకు ఆనితే ట్యూనింగ్ చెడి అందే దూరం పడిపోతుంది.

ఊపు కొలత ఎందుకు చాలదు

తోచే మొదటి ఆలోచన: ఆర్ఎంఎస్ (ఊపు మొత్తం బలానికి సగటు కొలత) లెక్కేసి ఒక హద్దు పెట్టడం. ఈ ప్రాజెక్టులో అది నిలవలేదు, లెక్క చూస్తేనే తెలుస్తుంది. సెన్సార్ సొంత గోల రూట్ హెర్ట్జ్‌కు 220 మైక్రోజీ. 44 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కు అది 1.46 మిల్లీజీ అవుతుంది. మంచి మౌంటులున్న నాలుగు సిలిండర్ల కారు ఐడిల్‌లో (యాక్సెలరేటర్ తొక్కకుండా నిలబడి నడుస్తున్నప్పుడు) సీటు పట్టా దగ్గర ఇచ్చేది కొన్ని మిల్లీజీలే. మనిషి సీట్లో సర్దుకున్నా, తలుపు వేసినా దానికి ఎన్నో రెట్లు వస్తుంది. హద్దు కింద పెడితే పిల్లి ఎక్కినా ఇంజన్ నడిచినట్టే. పైన పెడితే నున్నటి ఇంజన్ తప్పిపోతుంది.

అదే సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీస్తే (ఈ లెక్క పేరు ఎఫ్ఎఫ్‌టీ) కథ మారుతుంది. 512 నమూనాలంటే 1.28 సెకన్లు, బిన్ (ఆ విభజనలో ఒక్కో ఫ్రీక్వెన్సీ గడి) వెడల్పు 0.78 హెర్ట్జ్. హాన్ విండో (నమూనాల ముక్క రెండు కొసలనూ మెల్లగా సున్నాకు దించే గుణకాలు) వేస్తే గోల పరంగా అది 1.17 హెర్ట్జ్ వెడల్పుకు సమానం. ఒక్క బిన్‌లో చేరే గోల 0.24 మిల్లీజీ. 2 మిల్లీజీల గీత దాని మీద 18 డెసిబెల్స్ ఎత్తున నిలబడుతుంది. ఇంజన్ బలంగా ఊపదు, ఒకే చోట పదేపదే ఊపుతుంది. ఈ పట్టువిడవనితనాన్నే కొలవాలి.

మూడు అక్షాలను కలపడంలో ఇంకో పొరపాటు తరచూ కనబడుతుంది: ప్రతి నమూనాకూ వెక్టర్ పరిమాణం, అంటే మూడు వర్గాల మొత్తానికి వర్గమూలం లెక్కేసి దాని మీద ఎఫ్ఎఫ్‌టీ చేయడం. గురుత్వం 1000 మిల్లీజీ కదా, పరిమాణం మీద ప్రభావం చూపేది నిలువు అక్షం మాత్రమే. అడ్డంగా ఉన్న 5 మిల్లీజీల ఊపు 25 ÷ 2000, అంటే 0.0125 మిల్లీజీగా కుంచించుకుపోతుంది. ఇంజన్ మౌంట్ల మీద పక్కకు దొర్లే స్వభావం కలది, ఎక్కువ సిగ్నల్ ఉండే అక్షమే అలా పోతుంది. సరైన పని: అక్షానికి ఒక ఎఫ్ఎఫ్‌టీ చేసి, పవర్లు కలపడం. ఎఫ్ఎఫ్‌టీకి ముందు ఒక్కో అక్షం సగటు తీసేయాలి, లేదంటే గురుత్వం హాన్ విండో అంచుల గుండా కింది బిన్లలోకి కారుతుంది. 64 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద ఇదంతా కొద్ది మిల్లీసెకన్ల పని.

గీత ఉందనడానికి ప్రస్తుత నిబంధన ఇది: 15–42 పట్టీలో ఎత్తైన బిన్, ఆ పట్టీ మీడియన్ (మధ్య విలువ) కన్నా 10 డెసిబెల్స్ పైన ఉండాలి. 35 బిన్లలో మూడు అక్షాల పవర్లు కలిపినప్పుడు ఒట్టి గోలలో ఎత్తైన బిన్ మీడియన్ కన్నా మామూలుగా 4 డెసిబెల్స్ పైన ఉంటుంది, 7 దాటడం అరుదు. 10 అంటే భద్రంగా ఉన్నట్టే. విండోలు సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా 0.64 సెకన్లకు ఒకటి. వరసగా 8 విండోల్లో గీత ఉండి, విండోకూ విండోకూ 2 బిన్ల కన్నా దూకకపోతే గీత నిజమైనట్టు. ఇందుకు 6 సెకన్ల లోపే పడుతుంది. పాటల బాస్ ఇక్కడే రాలిపోతుంది: బలం ఎంతైనా ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 6 సెకన్లు కూర్చోదు.

ఫ్యాన్ల తగాదా

ఈ ప్రాజెక్టులో ఎక్కువ పని ఇక్కడే పడింది. క్యాబిన్ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ రెండూ తిరిగే వస్తువులే, రెండూ గీతలే ఇస్తాయి. బ్యాలెన్స్ కొంచెం తప్పిన ఫ్యాన్ 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దగ్గర తిరిగితే 33 నుంచి 42 హెర్ట్జ్, మన పట్టీ లోపలే. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా బ్లోయర్ పెట్టుకుంటే పై నిబంధన ప్రకారం ఇంజన్ నడిచినట్టే. అంతకన్నా చెడ్డది రేడియేటర్ ఫ్యాన్. వేడెక్కిన ఇంజన్ ఆపిన తర్వాత చాలా కార్లలో అది కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆగిందని చెప్పాల్సిన సరిగ్గా ఆ సమయంలో పెట్టె అబద్ధం ఆడుతుంది.

గీత ఆకారంలో తేడా ఉంది. ఇంజన్ గీత ఊగుతుంది: ఐడిల్ వేగం కంప్యూటర్ అదుపులో ఉన్నా 10 ఆర్‌పీఎం అటూ ఇటూ పోవడం మామూలే, నాలుగు సిలిండర్లకు అది 0.33 హెర్ట్జ్. ఎత్తైన బిన్ మీదా, దాని రెండు పక్కల బిన్ల మీదా పారాబోలా గీసి అసలు శిఖరాన్ని లెక్కేస్తే ఇంత చిన్న ఊగిసలాట కూడా కనిపిస్తుంది. ఏసీ కంప్రెసర్ క్లచ్ పడితే గీత ఒక్కసారి కుంగి లేస్తుంది. పైగా ఇంజన్‌కు ఫైరింగ్ ఫ్రీక్వెన్సీ కింద కూడా గీతలుంటాయి. సిలిండర్లన్నీ ఒకేలా మండవు కాబట్టి నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్‌లో సగం దగ్గర, నాలుగో వంతు దగ్గర బలహీనమైన తోడు గీతలు వస్తాయి. ఫ్యాన్‌కు కింద ఏమీ ఉండదు, ఉంటే పైన రెట్టింపుల దగ్గర ఉంటుంది.

ఇవి సాయం చేస్తాయి, తీర్పు చెప్పవు. తోడు గీతలు నున్నటి ఇంజన్లో గోలలో మునిగిపోతాయి. తీర్పు చెప్పేది గీత పుట్టుకా చావూ.

పుట్టుక, చావు

ఫ్యాన్ మెల్లగా వేగం పుంజుకుంటుంది. ఇంజన్ అలా మొదలవదు. స్టార్టర్ మోటార్ క్రాంకును 200–300 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతుంది. కంప్రెషన్ దెబ్బలు నాలుగు సిలిండర్లకు 7–10 హెర్ట్జ్, మూడింటికి 5–7.5. అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా ఈ కుదుపు, వెంటనే వేగం ఐడిల్ దాటి ఎగసి, గీత పైనుంచి దిగుతూ కుదురుకుంటుంది. ఆగేటప్పుడు తలకిందులు: గీత అర సెకనులో కిందికి జారి, మౌంట్ల అనునాదం గుండా వెళుతూ 5–15 హెర్ట్జ్ దగ్గర ఒక గట్టి విదిలింపు ఇచ్చి మాయమవుతుంది.

1.28 సెకన్ల ఎఫ్ఎఫ్‌టీ విండోకు ఇది చాలా వేగమైన సంఘటన. అందుకని పక్కనే టైమ్ డొమైన్‌లో 4–14 హెర్ట్జ్ బ్యాండ్ పాస్ (ఆ పట్టీనే దాటనిచ్చే ఫిల్టర్, రెండు బైక్వాడ్ మెట్లతో) నడుపుతూ, దాని ఎన్వలప్‌ను, అంటే ఊపు ఎత్తును, 60 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తాం. ప్రస్తుత స్థితుల యంత్రం ఇలా నడుస్తుంది.

ఆగి ఉన్న స్థితి నుంచి నడుస్తున్న స్థితికి రావాలంటే క్రాంకింగ్ కుదుపు, దాని తర్వాత 3 సెకన్లలోపు గీత, ఆ గీత మొదట పైనుంచి కిందికి దిగడం, మూడూ కావాలి. అప్పుడు ఆ గీతను ఇంజన్ గీతగా పేరు పెట్టి వెంటాడుతాం. తర్వాత పట్టీలో వేరే గీతలు వచ్చినా పోయినా లెక్క లేదు. ఇంజన్ గీత పైకి పోయి 42 దాటితే యాక్సెలరేటర్ తొక్కినట్టు, అది చావు కాదు, స్థితి అలాగే ఉంచుతాం. గీత 50–100 ఆర్‌పీఎం ఒక్కసారిగా దూకితే (కంప్రెసర్ పని) ±5 హెర్ట్జ్ లోపల 2 సెకన్లు వెతుకుతాం.

ఆగిందనడానికి విదిలింపూ కావాలి, ఇంజన్ గీత 3 సెకన్లు లేకపోవడమూ కావాలి. ఒక్క విదిలింపు చాలదు: బ్రేకు పట్టి కారు నిలిచే చివరి కుదుపూ, ఆటోమేటిక్‌లో గేరు పడే దెబ్బా అచ్చం అలాగే ఉంటాయి. ఇలా ఆగిన తర్వాత రేడియేటర్ ఫ్యాన్ గీత ఎంతసేపు ఉన్నా, కొత్త క్రాంకింగ్ లేకుండా స్థితి మారదు. ఫ్యాన్ తగాదా అక్కడ తీరింది.

ప్రయాణంలో గీతల కోసం వెతకడం దండగ. రోడ్డు కుదుపులు, చక్రాల ఎగురుడు (10–15 హెర్ట్జ్) అన్నిటినీ ముంచేస్తాయి. 1–2 హెర్ట్జ్ బాడీ ఊపు కనిపిస్తున్నంతసేపూ ప్రయాణం అని గుర్తించి పాత స్థితి పట్టుకుని ఉంటాం. నిలిచిన 10 సెకన్లలోపు మళ్లీ గీత దొరకాలి. లారీ మీద ఎక్కించిన కారు, ఫెర్రీలో నిలిపిన కారు కూడా పుట్టుక నిబంధన వల్లనే తప్పుడు లెక్కలోకి రావు. ఓడ డీజిల్ ఎంత ఊపినా క్రాంకింగ్ లేదు.

క్రాంకింగ్ తప్పిపోతే? నిద్రలో 32 మిల్లీజీ హద్దు దాటని మెత్తని స్టార్ట్ కోసం వెనకదారి ఒకటి ఉంచాం: నిమిషానికి ఒకసారి ఒక్క విండో చూడటం. గీత కనిపిస్తే కొలత కొనసాగించి, 30 సెకన్లు నిలిచి, ఊగుతూ, కింద తోడు గీత కూడా ఉంటే నడుస్తున్నట్టే అంటాం, కానీ తక్కువ నమ్మకం అన్న గుర్తుతో. ఈ గుర్తున్న గంటలు లెక్కలో వేరే గడిలో పడతాయి.

కరెంటు లెక్క

నిద్రలో సెన్సార్ 6, ప్రాసెసర్ గడియారంతో 2–3, రెగ్యులేటర్ 1.6, నిమిషానికొకసారి చూపు 1.6, రెండు సెకన్లకొకసారి బ్లూటూత్ ప్రకటన 10 లోపు. అన్నీ మైక్రో ఆంపియర్లు. మొత్తం 20 చుట్టూ. ఇంజన్ నడిచేటప్పుడు నిరంతర కొలత 125 దాకా, రోజుకు 2 గంటలనుకుంటే సగటుకు 10 కలుస్తుంది. 30 మైక్రో ఆంపియర్లకు 2400 మిల్లీ ఆంపియర్ గంటలంటే కాగితం మీద 9 ఏళ్లు. వేడికి సెల్ తనంతట తానే కరిగిపోవడం తీసేస్తే అందులో సగం నమ్మవచ్చు.

ఈ అంకె రావాలంటే రెండు జాగ్రత్తలు. ఇంటరప్ట్ పిన్నుకు పోర్ట్ ఈవెంట్ అనే తక్కువ కరెంటు పద్ధతి వాడాలి. హై అక్యురసీ ఇన్‌పుట్ ఛానల్ వాడితే నిద్రలో పది ఇరవై మైక్రో ఆంపియర్లు ఊరికే పోతాయి. డీబగ్ సీరియల్ పోర్టు మూయకపోతే హై ఫ్రీక్వెన్సీ గడియారం ఆగదు, వందల మైక్రో ఆంపియర్లు పోతాయి.

రద్దీ రోడ్డు పక్కన నిలిపిన కారు మరో ఖర్చు. బరువైన వాహనం పోయినప్పుడల్లా పెట్టె లేస్తుంది. లేచాక 90 సెకన్లు మేలుకొని ఉండేలా రాసిన మొదటి ఫర్మ్‌వేర్‌లో ఒక్కో లేవడానికి 3.1 మైక్రో ఆంపియర్ గంటలు. రోజుకు 50 సార్లు లేస్తే సగటున 6.5 మైక్రో ఆంపియర్లు కలుస్తాయి. తలుపు తీసిన మనిషి స్టార్ట్ చేసేదాకా కాచుకోవాలన్నది ఆ 90 ఉద్దేశం. క్రాంకింగ్ తానే లేపుతుంది కాబట్టి అంత కాపలా అక్కర్లేదు. 20 సెకన్లకు తగ్గించాం, ఖర్చు 1.4కు దిగింది. లేవడంలో పోయేది క్రాంకింగ్ మొదటి కొద్ది పదుల మిల్లీసెకన్లు మాత్రమే.

సరిచూడటం

పరీక్ష సమయంలో మాత్రం డయాగ్నస్టిక్ సాకెట్లో బ్లూటూత్ అడాప్టర్ పెట్టి నిజం రాబట్టాలి. 01 0సీ అని అడిగితే 41 0సీ తర్వాత రెండు బైట్లు వస్తాయి. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలిపి 4తో భాగిస్తే ఆర్‌పీఎం. 0సీ 80 వస్తే 3200 ÷ 4, అంటే 800. ఈ అంకెలను టైమ్‌స్టాంపుతో దాచి, పెట్టె చెప్పిన గీత పక్కన గీస్తే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. రెండూ ఒకే శాతం తేడాతో నడుస్తుంటే నమూనా రేటు లెక్క తప్పు. సగానికి సగం తేడా ఉంటే తోడు గీతను ఇంజన్ గీత అనుకున్నట్టు. పరీక్ష అయ్యాక అడాప్టర్ తీసేయాలి, అది ఆగిన కారు బ్యాటరీని మెల్లగా తాగుతుంది.

పరీక్షించాల్సిన సందర్భాల్లో సులువైనవి (తలుపులు, వాన, పాటలు) త్వరగా అయిపోతాయి. సమయం ఇవ్వాల్సినవి: ఇంజన్ ఆపి బ్లోయర్‌ను ఒక్కో స్పీడులో నిలపడం, వేడి ఇంజన్ ఆపాక ఫ్యాన్ తిరిగే నిమిషాలు, ఆటోమేటిక్‌లో బ్రేకు మీద గేరులో నిలపడం (ఐడిల్ కొంచెం దిగి ఊపు పెరుగుతుంది), ఏసీ వేస్తూ తీస్తూ ఉండటం, చల్లటి స్టార్ట్.

బ్లూటూత్ ప్రకటన 31 బైట్లలో స్థితి, నమ్మకం, గీత ఫ్రీక్వెన్సీ, మొత్తం నిమిషాలు, సెల్ వోల్టేజీ, ఒక కౌంటర్ సరిపోతాయి. ఈ ప్రకటన దగ్గర్లో ఎవరికైనా అందుతుంది. యజమాని ఇంట్లో లేడని కూడా అది చెబుతుంది కాబట్టి డేటాను ఏఈఎస్ సంకేతలిపితో కప్పి, చిరునామాను మారుస్తూ ఉంచాం.

ఇంకా తేలనివి

స్టార్ట్ స్టాప్ కార్లలో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినప్పుడల్లా పెట్టె ఆగిందనే చెబుతుంది. గంటల లెక్కకు అది నిజమే. గ్యారేజీ హెచ్చరికకు మాత్రం సరిపోదు: ఇంజన్ తనంతట తాను మళ్లీ లేవవచ్చు. అందుకని ఆ పనికి ఆగిన తర్వాత తలుపు తీసి వేసిన దెబ్బ వచ్చేదాకా కారును ఆన్‌లోనే ఉన్నట్టు పట్టుకునే కొత్త స్థితి రాస్తున్నాం.

హైబ్రిడ్లలో పుట్టుక నిబంధనే పనిచేయదు. పెద్ద మోటార్ ఇంజన్‌ను క్రాంకింగ్ అనే దశే లేకుండా నేరుగా 1000 ఆర్‌పీఎం చుట్టూ తిప్పేస్తుంది, ఎగసి దిగడం కూడా కనబడదు. బెల్టుతో స్టార్ట్ అయ్యే మైల్డ్ హైబ్రిడ్లలో సగం సమస్య ఇదే. ప్రస్తుతం ఆ కార్లన్నీ వెనకదారిలోనే, తక్కువ నమ్మకం గుర్తుతో పట్టుబడుతున్నాయి. తర్వాతి పని అక్కడే: గీత 0 నుంచి ఐడిల్‌కు చేరడానికి పట్టిన కాలాన్ని కొలవడం. ఫ్యాన్‌కు అది సెకన్లలో ఉంటుంది, హైబ్రిడ్ ఇంజన్‌కు సెకనులో భాగం. దీనికి 512 నమూనాల విండో పెద్దదైపోతుంది, 128 నమూనాల విండోలు 0.08 సెకన్ల అడుగుతో వేసి చూడాలి. బిన్ 3.1 హెర్ట్జ్‌కు వెడల్పవుతుంది కానీ ఇక్కడ కావలసింది ఎప్పుడు మొదలైందన్నది, ఎంత ఫ్రీక్వెన్సీ అన్నది కాదు.